ఇంటి గ్రంథాలయానికి ఇంటర్నెట్టులో చోటు

తెలుగు రాష్ట్రాల నుండి కెనడాకు తిరిగివచ్చే ప్రయాణికుని పెట్టెలో ఊరగాయలకు, పిండివంటలకు, పట్టుబట్టలకు పోగా మిగిలిన చోటు పుస్తకాలకు దక్కుతుంది. విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదు కోఠీలోనో ఎంతో ఆశపడి కొన్న పదిహేను పుస్తకాలలో ఐదారింటిని విమానాశ్రయపు తూకం దగ్గర బంధువుల చేతిలో పెట్టి, తక్కినవాటితో విమానం ఎక్కటం చాలామందికి అనుభవమే. పెట్టెకు 23 కిలోలని పరిమితి విధించే విమాన సంస్థలకు కవిత్వమూ కందిపప్పూ ఒక్కటే. ఆ విధంగా ప్రయాణానికి పదేసి చొప్పున, చూడవచ్చిన పెద్దల చేతుల మీదుగా మరికొన్ని చొప్పున చేరిన పుస్తకాలు పాతికేళ్లు గడిచేసరికి మిస్సిసాగాలోనో, ఎడ్మంటన్‌లోనో ఉన్న ఇంటి బేస్‌మెంటులో మూడు నాలుగు వందలవుతాయి.

ఈ పుస్తకాలకు పట్టిక ఏదీ అంటే, అది వాటిని కొన్నవారి జ్ఞాపకంలోనే ఉంటుంది. ఏ అరలో ఏది ఉన్నదో వారికి తెలుసు. ఎవరు ఏది తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదో ఇంకా బాగా తెలుసు. చిక్కేమిటంటే ఆ జ్ఞాపకం ఒక్కరిది. కెనడాలో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడగలిగినా చదవలేకపోవటం సర్వసాధారణం. పెద్దలు చిన్న ఇంటికి మారవలసి వచ్చిన రోజునో, అంతకంటె విచారకరమైన రోజునో ఆ బీరువా ముందు నిలబడిన కుమారునికి 1950 నాటి కవితా సంపుటి తొలి ముద్రణకూ నిరుటి పంచాంగానికీ భేదం తెలియదు. వీధి అంచున పెట్టే నీలిరంగు రీసైక్లింగు పెట్టెకు అసలే తెలియదు.

ఇంట్లో ఉన్న పుస్తకాలకు పట్టిక తయారుచేసుకొని, దానిని ఇతరులతో పంచుకొనటానికి వీలు కల్పించే వెబ్‌సైట్లు ఇప్పుడు అనేకం ఉన్నాయి. అన్నీ అందమైన ముఖచిత్రాలతో ఆహ్వానిస్తాయి. ఇల్లు కొనేవారు సింహద్వారం ఏ దిక్కుకు ఉన్నదో చూస్తారు. ఈ వెబ్‌సైట్ల విషయంలో మాత్రం ముందుగా చూడవలసినది పెరటి తలుపు. ఎన్నో ఆదివారాలు శ్రమపడి చేర్చిన పట్టికను, అవసరమైననాడు, అక్షరం చెడకుండా బయటకు తీసుకుపోవటం సాధ్యమా కాదా అన్నదే అసలు పరీక్ష. దానికి తోడు తెలుగువారికి మాత్రమే వర్తించే పరీక్ష మరొకటి ఉన్నది. ఆ వెబ్‌సైటు సంఖ్య లేని పుస్తకాన్ని లోపలికి రానిస్తుందా?

సంఖ్య అంటే ఏమిటో కొంచెం వివరించవలసి ఉన్నది. రసాయనశాస్త్రంలో ఒకే పదార్థానికి పలు పేర్లుండటం మామూలు. వంటసోడానే సోడియం బైకార్బొనేటు అనవచ్చు, సోడియం హైడ్రొజన్ కార్బొనేటు అనవచ్చు. ఒక పేరుతో వెతికినవారికి మరొక పేరు కింద నమోదైన సమాచారం దొరకదు. ఈ బాధ తప్పించటానికి అమెరికాలోని కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ 1965లో ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క సంఖ్యను కేటాయించే పద్ధతి ప్రారంభించింది. నీటికి లభించిన సంఖ్య 7732-18-5. ఇందులో చివరి అంకె తక్కినవాటికి కాపలాదారు. మిగిలిన ఆరు అంకెలను కుడి నుండి ఎడమకు వరుసగా 1, 2, 3, 4, 5, 6 చేత గుణించి కూడితే 105 వస్తుంది. దాని ఒకట్ల స్థానంలో ఉన్నది 5. ఎక్కడైనా ఒక అంకె తప్పు పడితే చాలా సందర్భాలలో ఈ లెక్క కుదరక, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

దాదాపు అదే కాలంలో బ్రిటనులో డబ్ల్యు. హెచ్. స్మిత్ అనే పుస్తక వ్యాపార సంస్థ కోసం, ఆచార్యుడు గోర్డన్ ఫోస్టర్ పుస్తకాలకు తొమ్మిదంకెల సంఖ్యాపద్ధతిని రూపొందించాడు. అది 1970లో పదంకెల అంతర్జాతీయ ప్రమాణంగా మారింది. నేడు పుస్తకాల వెనుక అట్టపై కనిపించే ఐ.ఎస్.బి.ఎన్. అదే. పదంకెల పద్ధతిలో అంకెలను ఎడమ నుండి 10, 9, 8 అంటూ గుణించి కూడగా వచ్చిన మొత్తం 11 చేత నిశ్శేషంగా భాగింపబడాలి. 11 ప్రధానసంఖ్య కావటం వల్ల, ఒక అంకె తప్పు పడినా, ఏ రెండు అంకెలు తారుమారైనా ఆ లెక్క తప్పకుండా పట్టుకుంటుంది. చివరి స్థానంలో పది రావలసిన చోట రోమన్ అంకె అయిన ఎక్స్ వేస్తారు. పాత పుస్తకాల మీద సంఖ్య చివర ఎక్స్ చూసి అచ్చుతప్పు అనుకొన్నవారు లేకపోలేదు.

2007 జనవరి 1 నుండి ఈ సంఖ్య పదమూడు అంకెలకు పెరిగింది. ముందు 978 చేర్చి, కాపలా అంకెను వేరే లెక్కతో కట్టారు. అంకెలను 1, 3, 1, 3 చేత మార్చి మార్చి గుణించి, మొత్తం పదితో భాగింపబడేటట్లు చూస్తారు. దుకాణాలలోని బార్‌కోడు యంత్రాలకు ఇది అనుకూలమే గాని, లెక్కగా చూస్తే పాతదే గట్టిది. పక్కపక్కనున్న 1, 6 తారుమారైతే మొత్తంలో తేడా సరిగ్గా పది అవుతుంది గనుక కొత్త పద్ధతికి ఆ తప్పు కనిపించదు. ఐదు తేడా ఉన్న ఏ జంటకైనా ఇదే గతి. చేత్తో సంఖ్యలు టైపు చేసేవారు ఇది గుర్తుంచుకొనటం మంచిది. భారతీయ ప్రచురణలలో 978 తరువాత 81 గాని, 93 గాని ఉంటుంది.

సంఖ్య ఉన్న పుస్తకానికి పని క్షణంలో అయిపోతుంది. సెల్‌ఫోను కెమెరాను బార్‌కోడు మీదికి చూపగానే శీర్షిక, రచయిత, ప్రచురణ సంవత్సరం వాటంతట అవే వచ్చి పట్టికలో కూర్చుంటాయి. ఫోన్లకు ఈ విద్య రాకముందు లైబ్రరీథింగ్ అనే వెబ్‌సైటువారు తమ సభ్యులకు పిల్లి ఆకారంలో ఉన్న చిన్న బార్‌కోడు పరికరాన్ని చవకగా అమ్మేవారు. క్యూక్యాట్ అనే ఆ పరికరాన్ని 2000లో మరొక కంపెనీ ఏదో పెద్ద ఆశతో తయారుచేసి, పత్రికల ద్వారా ఉచితంగా పంచి, దివాలా తీసింది. చెడిన వ్యాపారపు సరుకు చివరకు పుస్తకాలకు పనికివచ్చింది.

అయితే పెట్టెలలో కెనడా చేరిన తెలుగు పుస్తకాలలో ఎన్నింటికి ఈ సంఖ్య ఉన్నది? 1970కి ముందు అచ్చయినవాటికి ఉండే అవకాశమే లేదు. ఆ తరువాత కూడా చాలా ఏళ్లు తెలుగు ప్రచురణకర్తలు దీనిని పట్టించుకొనలేదు. రచయితలు స్వయంగా అచ్చు వేయించుకొన్న కవితాసంపుటాలు, జిల్లా చరిత్రలు, శతకాలు, షష్టిపూర్తి సంచికలు, నాటకాలు ఈనాటికీ తరచు సంఖ్య లేకుండానే వెలువడుతున్నాయి. ఈ పుస్తకాలే మళ్లీ దొరకనివి. పెద్ద ప్రచురణ సంస్థ వేసిన ప్రసిద్ధ నవల రేపు మరొక ముద్రణలో లభిస్తుంది. మూడు వందల ప్రతులు వేసి బంధుమిత్రులకు పంచిన ఒక ఉపాధ్యాయుని పద్యకావ్యం లభించదు. యంత్రం క్షణంలో గుర్తించేది ఎక్కడైనా దొరికే పుస్తకాన్ని. గుర్తించలేనిది ఆ ఇంట్లో తప్ప మరెక్కడా లేకపోవచ్చు. కాబట్టి బార్‌కోడు మీదనే ఆధారపడే వెబ్‌సైటును తెలుగు కుటుంబం మొదటనే పక్కన పెట్టవచ్చు.

సంఖ్య లేనప్పుడు మిగిలేది పేరు. అక్కడ లిపి సమస్య ఎదురవుతుంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుండి పి.ఎల్. 480 పథకం కింద భారతీయ భాషల పుస్తకాలను విరివిగా సేకరించింది. గోధుమల అప్పుకు బదులుగా జమ అయిన రూపాయలతో కొన్న ఆ పుస్తకాలు అనేక విశ్వవిద్యాలయాలకు చేరాయి. కెనడాలో 1968లో ఏర్పడిన శాస్త్రి ఇండో-కెనడియన్ సంస్థ ఇక్కడి విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు భారతీయ గ్రంథాలను అందించింది. ఆ కారణంగా పాత తెలుగు పుస్తకాల వివరాలు ఉత్తర అమెరికా గ్రంథాలయాల పట్టికలలో చాలానే ఉన్నాయి. లైబ్రరీథింగ్ వంటి వెబ్‌సైట్లు ఆ పట్టికల నుండి వివరాలను నేరుగా దింపుకొనగలవు. అయినా వెతికినవారికి పుస్తకం దొరకదు. కారణం, ఆ వివరాలు దీర్ఘకాలం రోమన్ లిపిలోనే నమోదయ్యాయి. అదీ గ్రంథాలయాలవారి ప్రత్యేకమైన వర్ణక్రమంలో.

ఆ పద్ధతిలో 'చ' కారానికి ఆంగ్లంలోని 'సి' ఒక్కటే రాస్తారు. దాని పక్కన 'హెచ్' చేర్చితే అది 'ఛ' అవుతుంది. బుచ్చిబాబు రాసిన 'చివరకు మిగిలేది' కోసం తెలుగువారందరికీ అలవాటైన తీరున 'సి', 'హెచ్' రెండూ టైపు చేస్తే ఏమీ రాదు. 'హెచ్' తీసివేస్తే నవల ప్రత్యక్షమవుతుంది. చలం పేరుకూ అదే మందు. ఈ ఒక్క కిటుకు తెలిస్తే, చేత్తో నింపవలసి వస్తుందని భయపడిన పుస్తకాలలో చాలావాటికి వివరాలు సిద్ధంగా దొరుకుతాయి.

తెలుగువారు స్వయంగా కల్పించుకొన్న వర్ణక్రమాలు మరికొన్ని. 1990 దశకంలో రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో చిన్న 'ఎల్' లకారానికి, పెద్ద 'ఎల్' ళకారానికి గుర్తు. ఆనాడు ఈ పద్ధతిలో తమ పుస్తకాల జాబితాలు రాసుకొన్నవారి ఫైళ్లు నేటికీ చదవటానికి వీలుగా ఉన్నాయి. కాని చిన్న, పెద్ద అక్షరాల భేదం పాటించని వెబ్‌సైటులో వాటిని పోస్తే 'ల'కు 'ళ'కు, 'న'కు 'ణ'కు తేడా పోతుంది. అంతకంటె దయనీయమైనది అను వంటి ముద్రణ ఫాంటులలో టైపు చేసినవారి స్థితి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వారి జాబితా అర్థం లేని గుర్తుల కుప్ప. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, సామాన్యుల కంప్యూటర్లలో అది కనిపించటానికి మరి పదేళ్లు పట్టింది. ఇప్పుడు పట్టిక మొదలుపెట్టేవారు యూనికోడ్ తెలుగు తప్ప మరొకటి వాడవలసిన అవసరం లేదు.

పేరు చెడితే పుస్తకం ఎలా మాయమవుతుందో చూడటానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కంటె మంచి ఉదాహరణ లేదు. భారత ప్రభుత్వ సహాయంతో 2000 దశకంలో సాగిన ఆ పథకంలో వేల సంఖ్యలో తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. ఇప్పటికీ తెలుగు పరిశోధకులకు అది అక్షయపాత్ర. కాని శీర్షికలను ఒక విచిత్రమైన రోమన్ లిపిలో, నానా తప్పులతో నమోదు చేశారు. రచయిత పేరు లేనివి కొన్ని, పేరు తారుమారైనవి కొన్ని. పుస్తకం ఉండి కూడా లేనట్లే అయింది. ఔత్సాహికులు కొందరు ఒక్కొక్క ఫైలునూ తెరచి, ముఖపత్రం చదివి, తెలుగులో జాబితాలు రాయవలసి వచ్చింది. ఆ వెబ్‌సైటు 2017 నాటికి అందుబాటులో లేకుండా పోయింది. పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ అప్పటికే నాలుగు లక్షలకు పైగా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు నకలు చేసి ఉంచినందువల్లనే అవి నేడు లభిస్తున్నాయి. పెరటి తలుపు ఎందుకు ముఖ్యమో ఇంతకంటె చెప్పనవసరం లేదు.

ఇంటి గ్రంథాలయాల వెబ్‌సైట్ల చరిత్రలో కూడా ఇటువంటి ఘట్టాలున్నాయి. అందులో కెనడాకు ఒక పాత్ర ఉన్నది. బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియా నగరంలో 1995లో, పాత పుస్తకాల దుకాణం నడిపిన అనుభవంతో, ఏబ్‌బుక్స్ అనే సంస్థ పుట్టింది. లోకంలోని పాత పుస్తకాల వ్యాపారులందరి సరుకునూ ఒకేచోట చూపించటం దాని పని. పదేళ్ల తరువాత, 2005 ఆగస్టులో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో టిమ్ స్పాల్డింగ్ అనే ఆయన లైబ్రరీథింగ్‌ను ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం ఏబ్‌బుక్స్ అందులో 40 శాతం వాటా కొన్నది. 2008లో అమెజాన్ కంపెనీ ఏబ్‌బుక్స్‌ను కొనేసింది. అదే ఏడు షెల్ఫారి అనే మరొక పుస్తకాల వెబ్‌సైటును కూడా కొన్నది. 2007లో మొదలై అతి వేగంగా పెరిగిన గుడ్‌రీడ్స్‌ను 2013లో కొన్నది. 2016లో షెల్ఫారిని మూసివేసి, సభ్యులను గుడ్‌రీడ్స్‌కు తరలిపొమ్మన్నది. పుస్తకాల మీద ప్రేమతో ఎవరికి వారు కట్టుకొన్న పొదరిళ్లు చూస్తూ చూస్తూ ఉండగానే ఒకే భూస్వామి ఖాతాలోకి వచ్చాయి. లైబ్రరీథింగ్‌లో మాత్రం అధిక వాటా వ్యవస్థాపకుని చేతిలోనే నిలిచింది.

వ్యాపార సంస్థలే మారతాయని కాదు. కెనడా జాతీయ గ్రంథాలయపు పట్టిక చాలాకాలం అమికస్ అనే పేరుతో నడిచింది. 2018లో దానికి స్వస్తి చెప్పి వొయలా అనే కొత్త పట్టికను ప్రవేశపెట్టారు. అయితే గ్రంథాలయాల వివరాలు మార్క్ అనే ప్రమాణరూపంలో ఉంటాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే మహిళ 1960 దశకంలో తీర్చిదిద్దిన రూపమది. ఇల్లు మారినా సామాను ఒకే కొలత పెట్టెలలో ఉన్నందువల్ల తరలింపు సాధ్యమవుతుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు నేడు లభించే వెబ్‌సైట్లలో నాలుగింటిని గురించి చెప్పుకొనటం చాలు. గుడ్‌రీడ్స్ ప్రధానంగా చదివేవారి కూడలి. ఏ నవల ఎలా ఉన్నది, ఎవరు ఎన్ని నక్షత్రాలిచ్చారు అన్న ముచ్చట్లకు దానిని మించినది లేదు. టొరంటోలో ఉన్నత పాఠశాలకు వెళ్లే అమ్మాయికి అదే నచ్చుతుంది. పట్టికను సి.ఎస్.వి. ఫైలుగా తీసుకుపోనిస్తుంది. కాని అక్కడ పుస్తకం అంటే చదివిన అనుభవమే తప్ప, అరలో ఉన్న ఫలానా ప్రతి కాదు. ఉన్న వివరాలలో తప్పు దిద్దాలంటే వారి అనుమతితో 'లైబ్రేరియన్' హోదా పొందాలి. ఇతర వెబ్‌సైట్లు తమ సమాచారాన్ని వాడుకొనటానికి ఉన్న దారిని 2020 డిసెంబరు నుండి కొత్తవారికి మూసివేశారు. అది మంచి శకునం కాదు.

ఓపెన్ లైబ్రరీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చెందినది. ప్రతి పుస్తకానికీ ఒక పుట ఉండాలన్నది దాని సంకల్పం. సంఖ్య లేని తెలుగు పుస్తకాన్ని ఎవరైనా చేర్చవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. మొత్తం సమాచారాన్ని ఎవరైనా నకలు తీసుకోవచ్చు. కాని ఇది సొంత ఇంటి కంటె ఊరి చావడిని పోలినది. ఫలానా ప్రతి ఎవరి దగ్గర ఉన్నదో రాసుకొనటానికి అంత అనువు కాదు.

లైబ్రరీథింగ్ పాతకాలపు గ్రంథపాలకుని స్వభావం కలది. రూపం కొంత మోటు. తెరమీద గడులు ఎక్కువ. కాని చేత్తో నింపటానికి అన్ని గడులూ ఉన్నాయి. తెలుగు లిపి చక్కగా ఇముడుతుంది. ఒకే రచనకు చెందిన వేర్వేరు ముద్రణలను, వేర్వేరు వర్ణక్రమాలను సభ్యులే ఒక గొడుగు కిందికి చేర్చవచ్చు. వంటసోడా పేర్లన్నింటినీ ఒకే సంఖ్య కిందికి తెచ్చినట్లు. ఇతరులకు కనిపించని సొంత వ్యాఖ్యకు వేరే గడి ఉన్నది. అరువు తీసుకొన్నవారి పేరు నమోదు చేయవచ్చు. పట్టికను సాధారణ ఫైలుగాను, మార్క్ రూపంలోను కూడా బయటకు తీయవచ్చు. ఒకప్పుడు 200 పుస్తకాలు దాటితే ఏడాదికి పది డాలర్లో, జీవితకాలానికి ఇరవైఐదో చెల్లించవలసి ఉండేది. 2020 మార్చి నుండి వ్యక్తులకు పూర్తిగా ఉచితం. తెలుగు కుటుంబానికి ఒక్కటే ఎంచుకొనవలసి వస్తే ఇదే తగినది.

నాలుగవది ఇన్వెంటేర్ అనే ఫ్రెంచి వెబ్‌సైటు. పుస్తకాల వివరాలను ఇది వికీడేటా నుండి తీసుకొని, వికీడేటా పద్ధతిలోనే పెంచుతుంది. దీని ప్రత్యేకత ఇచ్చిపుచ్చుకొనటంలో ఉన్నది. ప్రతి పుస్తకానికీ అరువిస్తాను, ఉచితంగా ఇస్తాను, అమ్ముతాను, ఊరికే ఉంచుకొన్నాను అని గుర్తు పెట్టవచ్చు. ఆ గుర్తు అందరికీ కనిపించాలా, ఒక బృందానికే కనిపించాలా అన్నది యజమాని ఇష్టం. ఒక తెలుగు సంఘం సభ్యులు ఒక బృందంగా చేరితే, బ్రాంప్టన్‌లో ఎవరి ఇంట్లో ఉన్న పుస్తకం స్కార్‌బరోలో ఎవరికి కావాలో తెలిసిపోతుంది.

ఈ ఆలోచన తెలుగువారికి కొత్తది కాదు. కృష్ణా డెల్టా కాలువ మీద కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య 1935లో పాతూరి నాగభూషణం పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు పుస్తకం దగ్గరకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని రేవుకు వెళ్లింది. కెనడాలో రేవులు దూరం. పుస్తకాలను తపాలాలో పంపటానికి గ్రంథాలయాలకున్న రాయితీ ఇళ్లకు లేదు. అయితే సంక్రాంతి సభకో, ఉగాది కవిసమ్మేళనానికో అందరూ ఎలాగూ ఒకచోట చేరతారు. పట్టిక ముందే తెలిసి ఉంటే పులిహోర డబ్బాతో పాటు పుస్తకమూ వస్తుంది.

పంచుకొనటంలో కొంత జాగ్రత్త అవసరం. ఇంటిలోని పుస్తకాల వరుస ఆ ఇంటివారి నమ్మకాలను, రాజకీయాలను, ఆరోగ్య చింతలను బయటపెడుతుంది. కొన్నింటిని సొంతానికే ఉంచుకొనే వీలు ఉన్నదో లేదో చూడాలి. ఇంటి చిరునామా, అరువు తీసుకొన్నవారి ఫోను నంబర్లు అందరికీ కనిపించే గడులలో రాయకూడదు.

నింపటంలో మరొక సూచన. శీర్షికను తెలుగు లిపిలో రాసి, పక్కనే రోమన్ లిపిలో కూడా రాయాలి. వ్యాఖ్య గడిలో ఆ పుస్తకం దేనిని గురించో ఆంగ్లంలో ఒక్క వాక్యం, అది ఇంటికి ఎలా వచ్చిందో మరొక వాక్యం చేర్చితే చాలు. తాతగారు సంతకం చేసిన ప్రతి అనో, రచయిత స్వయంగా ఇచ్చినదనో. తెలుగు చదవలేని మనుమరాలికి ఆ రెండు వాక్యాలే దారి చూపిస్తాయి. కాగితం స్థితి కూడా రాయటం మేలు. గత శతాబ్దంలో చవక కాగితంలో సిరా పాకకుండా రాళసర్జంతో పాటు పటికను కలిపేవారు. ఆ పటిక తేమతో చేరి ఆమ్లం పుట్టిస్తుంది. ఆమ్లం సెల్యులోజు గొలుసులను తెంపుతుంది. పసుపుబారి, మూల మడిస్తే విరిగే పుట దాని ఫలితం. ఫర్నేసు పక్క అరలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. అటువంటి పుస్తకాల ఆమ్లాన్ని మెగ్నీషియం సమ్మేళనంతో అణచే యంత్రాన్ని ఒట్టావాలో 1980 దశకంలో జాతీయ గ్రంథాలయం, ప్రభుత్వ పురాలేఖాలయం నడిపాయి. ఇంటిలో అది కుదరదు. విరిగే పుటలున్నవి ఏవో పట్టికలో తెలిసి ఉంటే ముందుగా వేటిని స్కాన్ చేయాలో తెలుస్తుంది.

ఈ సందర్భంలో తెలుగు సంఘాలవారికి కూడా ఒక మాట. కెనడాలో ఐ.ఎస్.బి.ఎన్. ఉచితం. లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడా దానిని ఇస్తుంది. ఫ్రెంచి ప్రచురణకర్తలకు క్విబెక్ జాతీయ గ్రంథాలయం ఇస్తుంది. ఏటేటా వచ్చే సంచికలకు ఐ.ఎస్.ఎస్.ఎన్. అనే వేరే సంఖ్య ఉన్నది. అదీ ఉచితమే. నూరు ప్రతులకు మించి అచ్చు వేస్తే రెండు, అంతకు తక్కువైతే ఒకటి చొప్పున ఒట్టావాకు పంపవలసి ఉంటుంది. సంఘాల వార్షిక సంచికలు ఇక్కడి తెలుగువారి మొదటి కథలకు, మొదటి వ్యాసాలకు నెలవు. అవి బేస్‌మెంటు పెట్టెలలో తప్ప గ్రంథాలయాలలో కనిపించటం అరుదు. సంఖ్య ఉండి, ఒట్టావాకు ఒక ప్రతి చేరితే ఆ దుస్థితి తప్పుతుంది.

ఏ వెబ్‌సైటును ఎంచుకొన్నా మూడు వందల పుస్తకాలతో మొదలుపెట్టకూడదు. పది చాలు. అందులో బార్‌కోడు ఉన్నవి మూడు, సంఖ్య లేనివి ఐదు, ముఖపత్రం ఊడిపోయినది ఒకటి, ఎవరికో అరువిచ్చినది ఒకటి ఉండేటట్లు చూసుకోవాలి. 'షేక్‌స్పియర్' వంటి పేరు ఒకటి కూడా చేర్చాలి. అందులో 'క్'కు 'స్'కు మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతోను, మరొకరు లేకుండాను టైపు చేస్తే కొన్ని వెబ్‌సైట్లు రెంటినీ వేర్వేరు మనుషులుగా భావిస్తాయి. పదీ చేర్చిన తరువాత పట్టికను బయటకు తీయాలి. ఆ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు అక్షరాలు చెల్లాచెదురై కనిపించవచ్చు. పదమూడంకెల సంఖ్య కుదించుకుపోయి దశాంశరూపం ధరించవచ్చు. ఆంగ్ల పుస్తకాల సంఖ్య ముందున్న సున్న ఎగిరిపోవచ్చు. కంగారుపడి అలాగే భద్రపరిస్తే నష్టం శాశ్వతమవుతుంది. ఫైలును యు.టి.ఎఫ్.-8గా, సంఖ్యల గడిని అక్షరరూపంగా దిగుమతి చేసుకొంటే అన్నీ యథాస్థానంలో ఉంటాయి. ఆ పది పుస్తకాలూ క్షేమంగా తిరిగివస్తే తక్కిన అరలకు పూనుకోవచ్చు. వారానికొక అర చొప్పున శీతకాలం ముగిసేలోగా పూర్తవుతుంది.

ఆ పిమ్మట ఏటా ఒకసారి పట్టికను బయటకు తీసి, ఒక నకలు పిల్లలకు పంపి, మరొక నకలును కాగితం మీద ముద్రించి బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంచవచ్చు. ఆ కాగితం ఆమ్లరహితమైనదైతే మరీ మంచిది.